బుద్ధిగా ఉండమని చెప్పేవాళ్ళతో జాగ్రత్త

మొదటి ఉద్యోగంలో చేరబోయే పిల్లలు ఊళ్ళో కనబడితే చాలు, సలహా చెప్పకుండా వదిలేవాళ్ళుండరు. మా మహమ్మద్‌నగర్ వైపైతే సలహా ఒక్కటే, చెప్పే నోళ్ళు వంద. "బిడ్డా, బుద్ధిగ ఉండు. సార్లకు ఎదురు మాట్లాడకు. చెప్పిన పని చేస్కపో. నౌకరి దొరకుడే కష్టమున్నది." హైదరాబాదు బస్సెక్కి గచ్చిబౌలిలో దిగాక కూడా ఇదే సలహా ఎదురొస్తుంది, కాకపోతే మెళ్ళో ఐడీ కార్డు వేసుకుని వస్తుంది. "పాజిటివ్ ఆటిట్యూడ్ ముఖ్యం", "మనమంతా ఒకే ఫ్యామిలీ", "మొదటి రెండేళ్ళు జీతం గురించి ఆలోచించొద్దు, నేర్చుకోవడం గురించి ఆలోచించండి"... వగైరా వగైరా.

వినడానికి ఎంత బాగుందో! ఇందులో తప్పు పట్టడానికేముంది అనిపిస్తుంది. నేను పట్టదలచుకున్నాను. ఈ సలహా తియ్యగా ఉంటుంది కానీ మంచిది కాదు. ముఖ్యంగా, ఇంట్లో మొట్టమొదటిసారి డిగ్రీ చదివి, మొట్టమొదటిసారి ఆఫీసు మెట్లెక్కుతున్న పిల్లలకి ఇది నష్టం చేసే సలహా. నష్టం అంటే మాటవరసకి కాదు, రూపాయల్లో లెక్కేసి చూపించగలిగే నష్టం.

ముందే ఒక మాట. ఊళ్ళో పెద్దవాళ్ళ మీద నాకే కోపమూ లేదు. ఎల్లారెడ్డిలోనో, నిజాంసాగర్‌లోనో ఆఫీసుకి ఏ కాయితం కోసమో వెళ్ళి, సారు సీట్లో లేడని నాలుగుసార్లు తిరిగొచ్చిన వాళ్ళు చెప్పే జాగ్రత్త అది. వాళ్ళకి తెలిసిన ఆఫీసు అదే. బల్లకి ఇవతల వైపు నిలబడి చూసిన ఆఫీసు. ఎదురు మాట్లాడితే పని ఆగిపోతుందని వాళ్ళ అనుభవం చెప్పింది, వాళ్ళు మనకి చెప్పారు. నా గొడవంతా అదే సలహాని అన్నీ తెలిసి కూడా చెప్పే సీనియర్లతో. ఆఫరు లెటరు అంటే ఏంటో, వేరియబుల్ పే అంటే ఏంటో, బాండు అంటే ఏంటో వీళ్ళకి పూర్తిగా తెలుసు. తెలిసి కూడా పిల్లలకి చెప్పేది మాత్రం "తమ్మీ, బుద్ధిగా ఉండు".

బోధన్ చూసిన వాళ్ళం

కంపెనీ మనల్ని కడుపులో పెట్టుకుని చూసుకుంటుంది, మనం విశ్వాసంగా ఉంటే చాలు అనే నమ్మకం ఎక్కడైనా ఉండొచ్చు కానీ మా ప్రాంతంలో ఉండటం విచిత్రం. ఎందుకంటారా? బోధన్ మాకెంతో దూరం కాదు.

1923లో పని మొదలై 1931కి పూర్తయిన నిజాంసాగర్ నీళ్ళు పారాయి కాబట్టే ఈ చుట్టుపక్కల చెరకు పండింది. ఆ చెరకు ఉంది కాబట్టే 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోకెల్లా పెద్దదని జనం గొప్పగా చెప్పుకునేవాళ్ళు. శక్కర్‌నగర్‌లో క్వార్టరుంటే వాడి దర్జాయే వేరు. ఇప్పుడు సాఫ్టువేరు అల్లుడికి ఉన్న గౌరవం అప్పట్లో షుగర్ ఫ్యాక్టరీ అల్లుడికి ఉండేదట. 2002లో ప్రభుత్వం అందులో 51 శాతం వాటా ప్రైవేటు వాళ్ళకి అమ్మేసింది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ నోటీసు అంటించారు. బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి... మూడు చోట్లా ఒకేసారి తాళాలు. ఎన్నికలొచ్చినప్పుడల్లా తెరిపిస్తామనే మాట మాత్రం మళ్ళీ మళ్ళీ వినబడుతూ ఉంటుంది.

ఆ కార్మికులు బుద్ధిగా లేరనా తాళం పడింది? ఎదురు మాట్లాడారనా? కాదు కదా. వాటాలు, అప్పులు, నష్టాలు, ప్రభుత్వాల నిర్ణయాలు... వీటిల్లో ఏ ఒక్కటీ ఫలానా కార్మికుడు ఎంత వినయంగా ఉన్నాడనే దాని మీద ఆధారపడలేదు.

"అది పాతకాలపు ఫ్యాక్టరీ, మనది ఐటీ" అంటారా? సరే, ఐటీకే వద్దాం. 2009 జనవరి 7న సత్యం ఛైర్మన్ లెక్కలన్నీ తప్పుడు లెక్కలని ఉత్తరం రాశాడు. ఆ రోజు పొద్దున ఆఫీసుకి వెళ్ళిన యాభైవేల పైచిలుకు మందిలో విశ్వాసం లేనివాళ్ళు ఎంతమంది? సత్యంలో ఉద్యోగమని గర్వంగా చెప్పుకున్నవాళ్ళే అందరూ. ఆ కంపెనీని చివరికి టెక్ మహీంద్రా కొనుక్కుంది కాబట్టి చాలామంది గట్టెక్కారు. అది కూడా వాళ్ళ వినయాన్ని చూసి జరిగింది కాదు.

ఇంకా దగ్గరికొద్దాం. 2022లో ఆఫరిచ్చి రెండేళ్ళకు పైగా ఎదురుచూపులు చూయించి, 2024 అక్టోబరులో చేర్చుకున్న ట్రెయినీల్లో 300 మందికి పైగా పిల్లల్ని 2025 ఫిబ్రవరిలో మైసూరు క్యాంపస్ నుంచి ఇన్ఫోసిస్ పంపించేసింది. మూడుసార్లు అవకాశమిచ్చినా పరీక్ష పాసవ్వలేదు అన్నది కంపెనీ మాట. ఆ తర్వాత కంపెనీ అన్న ఇంకో మాటని మాత్రం ప్రతి ఫ్రెషరూ గోడ మీద రాసి పెట్టుకోవాలి. ఈ సంగతి వాళ్ళ కాంట్రాక్టులోనే ఉంది అని!

2023 ఫిబ్రవరిలో విప్రో సంగతి గుర్తుందా? ఏడాదికి ఆరున్నర లక్షలని ఆఫరిచ్చిన ఫ్రెషర్లని మూడున్నర లక్షలకి వస్తారా అని అడిగింది. అంతకు ముందు ఏడాదే, అంటే 2022లో, పోటీ కంపెనీలకి కూడా పనిచేస్తున్నారంటూ 300 మందిని తీసేసిందీ ఆ కంపెనీయే. ఆ రెండో దాంట్లో కంపెనీని నేను తప్పు పట్టను. ఉద్యోగపు కాయితం మీద ఒప్పుకున్న మాట అది. కానీ ఒక్కటి గమనించండి. కాయితం మీద ఏముందో కంపెనీ ఎప్పుడూ చదువుకునే ఉంటుంది. అవసరమైన రోజు పేజీ నంబరుతో సహా తీసి చూపిస్తుంది. చదవనిది మనమే.

కంపెనీలు దుర్మార్గమైనవని నేననడం లేదు, ఆ మాట పట్టుకుని నా మీదకి రాకండి. కంపెనీ అంటే కంపెనీ. పనికి జీతం అనే ఒప్పందం. అమ్మ కాదు, నాయిన కాదు, మేనమామ అంతకన్నా కాదు. ఒప్పందంలో ఉన్నవాడికి కావలసింది భక్తి కాదు, ఒప్పందంలో ఏం రాసుందో తెలిసి ఉండటం.

మూడు లక్షల అరవై వేలు అంటే ఎంత?

ఇప్పుడు లెక్కలు. క్యాంపస్ సెలక్షనొచ్చిన రోజు ఊళ్ళో ఏమని చెప్తారు? "మూడు లక్షల అరవై వేల ప్యాకేజీ" అని. నాయిన పన్నెండుతో భాగించి "నెలకి ముప్పై వేలు" అని పదిమందికీ చెప్తాడు. మొదటి నెల జీతమొచ్చాక కొడుకు ఇరవై మూడు వేలే వచ్చాయంటే, మిగతా ఏడువేలు ఏం చేశాడోనని ఇంట్లో అనుమానం. నవ్వులాట కాదు, ఇలా అనుమానపడ్డ ఇళ్ళు నాకు తెలుసు.

మచ్చుకి ఒక లెక్క వేద్దాం. (కంపెనీని బట్టి అంకెలు మారతాయి, పద్ధతి ఇదే.) నెలకి 30,000 సీటీసీ అనుకోండి. బేసిక్ అందులో సగం, 15,000. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా 12 శాతం, అంటే 1,800. అది కూడా మీ ప్యాకేజీలోదే. గ్రాట్యుటీ పేరుతో బేసిక్‌లో 4.81 శాతం, ఇంచుమించు 720. వేరియబుల్ పే ఏడాదికి 24,000 అనుకుంటే నెలకి 2,000. అది వస్తే వస్తుంది, లేకపోతే లేదు. ఇన్సూరెన్సు ఒక 500. ఇవన్నీ తీస్తే మిగిలేది దాదాపు 24,980. అందులోంచి మీ పీఎఫ్ వాటా ఇంకో 1,800, తెలంగాణలో వృత్తి పన్ను 200. చేతికొచ్చేది 23,000కి కాస్త తక్కువ. అందులో పీజీ హాస్టలు, బస్సు, ఫోను, ఇంటికి పంపేది... మీరే వేసుకోండి.

ఇక్కడ గ్రాట్యుటీ అనే పదార్థం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పర్మినెంటు ఉద్యోగి అయిదేళ్ళు పూర్తిచేస్తేనే మామూలుగా అది చేతికొస్తుంది. మూడేళ్ళకి వెళ్ళిపోయేవాడికి ఆ 720 ప్యాకేజీ లెటర్లో తప్ప ఎక్కడా కనబడదు. మన ప్యాకేజీలో లెక్కేసి, మనకివ్వని డబ్బన్నమాట. ఇది మోసం కాదు, కాయితంలో రాసే ఉంటుంది. చదవకపోతే ఎవరిది బాధ్యత?

"ఇదంతా అడిగితే డబ్బు మనిషి అనుకోరూ?" అంటారు బుద్ధిమంతులు. ఏమనుకుంటారో చెప్పనా? ఏమీ అనుకోరు. హెచ్‌ఆర్‌లో కూర్చున్న మనిషికి రోజుకి పదిసార్లు వచ్చే ప్రశ్న అది. చేతికి ఎంతొస్తుంది, వేరియబుల్ ఎప్పుడిస్తారు, ప్రొబేషన్ ఎన్నాళ్ళు, నోటీసు పీరియడ్ ఎన్నాళ్ళు... ఈ నాలుగూ మెయిల్లో మర్యాదగా అడిగినందుకు ఆఫరు వెనక్కి తీసుకునే కంపెనీ ఏదైనా ఉంటే, అందులో చేరకపోవడమే మీ అదృష్టం.

పెద్ద సర్వీసు కంపెనీలు ఫ్రెషర్లకిచ్చే జీతం 2010 ప్రాంతంలో ఏడాదికి మూడు, మూడుంపావు లక్షలుండేది. ఇప్పటికీ చాలామందికి మూడున్నర లక్షల చుట్టూనే తిరుగుతోంది. ఈ మధ్యలో హాస్టలు అద్దె ఎంత పెరిగిందో, సన్నబియ్యం బస్తా ఎంత పెరిగిందో నేను చెప్పక్కర్లేదు. జీతం గురించి ఆలోచించొద్దు అనే సలహాని ఇన్నేళ్ళు బుద్ధిగా పాటించిన ఫలితం ఇందులో కొంతైనా లేదంటారా?

బాండు, నోటీసు, పీఎఫ్

ఇక బాండు. "ఊరికే ఫార్మాలిటీ, సంతకం పెట్టేయ్" అని చెప్పే సీనియర్లు ప్రతి కాలేజీలోనూ ఉంటారు. 2025 మే నెలలో సుప్రీం కోర్టు విజయా బ్యాంకు కేసులో తీర్పిచ్చింది. మూడేళ్ళు పనిచెయ్యకుండా మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని. అది ప్రభుత్వ రంగ బ్యాంకు కేసు, ఉద్యోగి సీనియర్ హోదాలో ఉన్నవాడు. కాబట్టి ప్రతి బాండూ చెల్లినట్టేనని కాదు. కాంట్రాక్టు చట్టం ప్రకారం కూడా రాసుకున్న అంకె పైపరిమితే, కోర్టు ఇప్పించేది న్యాయమనిపించినంత. కానీ "బాండ్లు కోర్టులో నిలబడవురా" అని హాస్టల్లో మంచం మీద పడుకుని తీర్పులిచ్చే జడ్జీల మాట మాత్రం ఇక నమ్మకండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి వెళ్ళమంటే? ఇవ్వకండి. చూపించండి, జిరాక్సు ఇవ్వండి, ఒరిజినల్స్ వెనక్కి తెచ్చుకోండి. టెన్త్ మెమో నుంచి బీటెక్ పట్టా దాకా తీసుకెళ్ళి పరాయి బీరువాలో పెట్టి, వాటికోసం ఉద్యోగం మానలేక ఏడాదిన్నర గింజుకున్న ఒకతను నాకు బాగా తెలుసు. అతన్ని ఆ కంపెనీ వాళ్ళు చాలా మెచ్చుకునేవాళ్ళు. "ఎంత బుద్ధిమంతుడో" అని.

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అందులో మనకి సంబంధించినవి నాలుగు ముక్కలు చెప్తాను. ఒకటి, ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇచ్చి తీరాలి. రెండు, జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు పడాలి. మూడు, బేసిక్ లాంటి అసలు జీతాన్ని బాగా తగ్గించి అలవెన్సులతో నింపేసే ఆట ఇక సాగదు. అలవెన్సులు సగం దాటితే దాటిన భాగాన్ని కూడా జీతం కిందే లెక్కేస్తారు. నాలుగు, మానేసినా తీసేసినా రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చెయ్యాలి. నలభై అయిదు రోజులు, అరవై రోజులు అంటూ ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంటుకి తిప్పించుకునే అలవాటుకి చట్టం పెట్టిన గడువది. అన్ని చోట్లా సక్రమంగా జరుగుతుందా అంటారా? అడిగేవాళ్ళుంటే జరుగుతుంది. ఉందని తెలిస్తేనే కదా అడిగేది!

పీఎఫ్ సంగతి ఇంకా ఘోరం. కంపెనీ మారిన ప్రతిసారీ కొత్త యూఏఎన్ తీసుకుని, పాతది మర్చిపోయి, పేరులో ఒక అక్షరం ఆధార్‌తో కలవక డబ్బు ఇరుక్కుపోయినవాళ్ళు మన టీముల్లోనే ఉంటారు, అడిగి చూడండి. యూఏఎన్ అనేది మనిషికి ఒకటే, జీవితాంతం అదే. చేరిన మొదటి నెలలోనే పాస్‌బుక్ తెరిచి డబ్బు పడుతోందో లేదో చూసుకోండి. జీతంలో కోసి పీఎఫ్‌కి కట్టకుండా కూర్చునే చిన్న కంపెనీలు లేకపోలేదు.

తల ఊపే రోగం

డబ్బు సంగతి ఒక ఎత్తు, పని సంగతి ఇంకో ఎత్తు. బుద్ధిగా ఉండమనే సలహా అసలు దెబ్బ కొట్టేది ఇక్కడే.

మా టీములో ఆ మధ్య చేరిన ఒక ఫ్రెషరు, మన జిల్లాల పిల్లవాడే, మూడు రోజులు ఒకే ఎర్రర్ ముందు కూర్చున్నాడు. అడిగిన ప్రతివాళ్ళకీ "చేస్తున్నా అన్నా" అనే సమాధానం. నాలుగో రోజు చూస్తే అది కోడు సమస్యే కాదు, అతనికి ఆ డేటాబేసు యాక్సెస్ ఇవ్వలేదు. ఒక రిక్వెస్టు పెడితే పది నిమిషాల పని. "ఎందుకు అడగలేదు?" అంటే, "మీరు బిజీగా ఉన్నారని" అన్నాడు. వాడికి తెలివి లేక కాదు. అడగడం అమర్యాదని చిన్నప్పట్నించీ నేర్పారు. ఇంట్లో, బళ్ళో, మార్కుల ఫ్యాక్టరీలాంటి ఇంటర్ కాలేజీలో, ఆ తర్వాత ఇంజనీరింగ్ కాలేజీలో ఇంటర్నల్ మార్కుల భయంతో. పదహారేళ్ళు నోరు మూయించి, పదిహేడో ఏట "కమ్యూనికేషన్ స్కిల్స్ లేవు" అని వాడినే తిడతాం!

మీటింగులో "అర్థమైందా?" అంటే తల ఊపడం వినయం కాదు, పనికి ద్రోహం. అర్థం కానిది అర్థం కాలేదని చెప్పండి. ఇంగ్లీషు తడబడినా పర్లేదు. ఎదురుగా ఉన్నవాళ్ళకి కావలసింది మీ వ్యాకరణం కాదు, పని ఎక్కడ ఆగిందో. గంటసేపు మీరు ప్రయత్నించండి, ఏమేం ప్రయత్నించారో రాసుకోండి, అది చూపించి అడగండి. అలా అడిగే ఫ్రెషర్ని విసుక్కునే సీనియరు ఉంటే లోపం ఆ సీనియర్లో ఉంది. ఇప్పుడు మనుషుల్ని అడగడానికి మొహమాటపడి చాట్‌బాట్‌ని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అడగండి, కాదనను. కానీ కంపెనీ కోడు, క్లయింటు డేటా తీసుకెళ్ళి బయటి చాట్‌బాట్‌లో అతికించకండి. అది కూడా మీరు చదవకుండా సంతకం పెట్టిన కాయితాల్లో ఉండే ఉంటుంది.

ఇంకోటి, నోటిమాటగా జరిగిన ప్రతి ముఖ్యమైన విషయాన్నీ రెండు లైన్ల మెయిలుగా రాయండి. "మీరు చెప్పిన ప్రకారం ఇది ముందు, అది తర్వాత చేస్తున్నాను" అని. ఇది మేనేజరు మీద అనుమానం కాదు. మేనేజర్లు మారిపోతారు, మాటలు మారిపోతాయి, మెయిలు మారదు. చేసిన పని కూడా నెలనెలా రాసుకోండి. అప్రైజల్ నాడు సంవత్సరం మొత్తం ఏం చేశావంటే బుద్ధిమంతుడికి ఏమీ గుర్తురాదు. వాడి పని పక్కవాడి ఖాతాలో పడిపోతుంది.

ఇక గంటల గొడవ. 2023 అక్టోబరులో నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచెయ్యాలన్నారు. 2025 జనవరికి ఎల్ అండ్ టీ ఛైర్మన్ నోట అది 90 అయింది, ఆదివారాలతో సహా. ఈ లెక్కన ఇంకొన్నేళ్ళకి వారంలో ఉన్న 168 గంటలూ సరిపోవేమో! 2024లో పుణెలో ఒక పెద్ద ఆడిట్ సంస్థలో చేరిన నాలుగు నెలలకే 26 ఏళ్ళ అమ్మాయి చనిపోయింది. పని భారమే కారణమని వాళ్ళమ్మ ఉత్తరం రాసింది, సంస్థ కాదంది. కారణాన్ని నేను తేల్చలేను. కానీ ఆ ఉత్తరం వచ్చాక మన ఆఫీసుల్లో ఎంతమంది తమ గంటలు లెక్కేసుకుని ఉలిక్కిపడ్డారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకి పది గంటల దాకా పని చేయించుకోవచ్చని జీవో ఇచ్చింది. కానీ వారానికి 48 గంటలే, దాటితే ఓవర్‌టైము అంది. ఐటీ కంపెనీలకి షాపుల చట్టంలో కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపులు ఎప్పట్నించో ఇస్తూనే ఉన్నారు. ఓవర్‌టైము అనే మాట మన పే స్లిప్పులో కనబడనే కనబడదు. నేను కష్టపడొద్దని చెప్పడం లేదు. రిలీజు ముందు వారం రాత్రిళ్ళు కూర్చోవలసి వస్తే కూర్చోండి. కొత్త విషయం తెలుసుకోవాలని ఇంటికెళ్ళి చదివితే అది మీ ఆస్తి. కానీ మేనేజరు ఇంకా సీట్లోంచి లేవలేదని, పని లేకపోయినా రాత్రి తొమ్మిదింటి దాకా తెర వంక చూస్తూ కూర్చునేది కష్టం కాదు, నటన.

మరీ తెలివైన వాళ్ళు

ఇంకో వర్గం ఉంది. "కంపెనీలు అంతే రా భాయ్, మనమూ అంతే ఉండాలి" అనే బాపతు. మూడేళ్ళ ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టు, ప్రాక్సీతో ఇంటర్వ్యూ గట్టెక్కు, రెండు లక్షలు కడితే బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం... అమీర్‌పేట గోడల మధ్య ఈ సలహాలకీ కొదవ లేదు. బుద్ధిమంతుడికి వీళ్ళు వ్యతిరేకులనుకుంటాం. నా లెక్కలో ఇద్దరూ ఒకటే. ఇద్దరూ కాయితం చదవరు. ఒకడు భయంతో చదవడు, ఇంకొకడు పొగరుతో చదవడు.

డబ్బు కట్టించుకుని, మాదాపూర్‌లో అద్దె ఆఫీసులో రెండు నెలలు ట్రెయినింగిచ్చి, ఓ పొద్దున బోర్డు తిప్పేసిన కంపెనీల వార్తలు పేపర్లో ఎన్నిసార్లు చూడలేదు! పోలీస్ స్టేషను ముందు వరసగా నిలబడిన ఆ పిల్లల్లో ఎక్కువమంది మన జిల్లాల వాళ్ళే. పొలం కుదువపెట్టి తెచ్చిన డబ్బు. ఒక్క సూత్రం గుర్తుపెట్టుకుంటే చాలు. జీతమిచ్చేది కంపెనీ, పుచ్చుకునేది మనం. డబ్బు అటు నుంచి ఇటు రావాలి. ఇటు నుంచి అటు పొమ్మంటే అది ఉద్యోగం కాదు. డిపాజిట్టు అనండి, ట్రెయినింగ్ ఫీజనండి, లాప్‌టాప్ ఛార్జీలనండి, ఏ పేరు పెట్టినా సరే.

"ఇప్పుడున్న మార్కెట్లో ఇవన్నీ కుదురుతాయా?"

ఈ ప్రశ్న న్యాయమైనదే. 2025 జులైలో టీసీఎస్ అంతటిది పన్నెండువేల మందికి పైగా తగ్గించుకుంటానంది. ఆఫరు దొరకడమే గగనమైన చోట ఫ్రెషరుకి బేరమాడే బలమెక్కడిది?

లేదు. ఒప్పుకుంటాను. అందుకే నేను బేరమాడమనడం లేదు, తెలుసుకోమంటున్నాను. రెండింటికీ తేడా ఉంది. బాండు షరతు మీరు మార్చలేకపోవచ్చు. కానీ ఎంతకి, ఎన్నాళ్ళకి కట్టుబడుతున్నారో తెలిసి సంతకం పెట్టొచ్చు. ట్రెయినింగులో మూడు పరీక్షలు పోతే ఉద్యోగం పోతుందని ముందే తెలిస్తే మొదటి పరీక్ష నుంచే ఇంకోలా చదవొచ్చు. చేతికొచ్చేది 23,000 అని తెలిస్తే ముప్పై వేల లెక్కతో ఈఎంఐ బండి కొనకుండా ఉండొచ్చు. మార్కెట్టు బాగున్నప్పుడు తెలియకపోయినా పర్లేదు, ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. బాగాలేనప్పుడే తెలిసి ఉండాలి.

పైగా మా వైపు వాళ్ళకి అడగడం రాదంటే నేను నమ్మను. నిజాంసాగర్ కాలువ ఆర్మూరు వైపు దాకా నూట యాభై కిలోమీటర్ల పైన పోతుంది. చివరి మడికి నీళ్ళు ఊరికే రావు. మా వంతు ఎప్పుడు, తూము ఎన్ని రోజులు తెరుస్తారు అని లష్కర్ని అడిగి, ఇంజనీరుని అడిగి, అవసరమైతే పదిమంది కలిసి పోయి కూర్చుంటే వస్తాయి. అలా అడిగినవాణ్ణి బుద్ధిలేనివాడని ఎవరూ అనరు, మంచి రైతు అంటారు. అలాంటి ఇంట్లోంచి వచ్చిన పిల్లకి ఆఫీసులో మాత్రం నోరెత్తకు అని నేర్పడం ఏం న్యాయం?

మన తాతల కాలంలో పటేలు, పట్వారీ ముందుకి తోసిన కాయితం మీద వేలిముద్ర వేసేవాళ్ళు. అందులో ఏముందో చదివే దారి వాళ్ళకి లేదు. పొలాలు పోయిన కుటుంబాలు మన ఊళ్ళల్లోనే ఉన్నాయి. మనకి నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివించింది ఎందుకు? పద్దెనిమిది పేజీల ఆఫరు లెటరు కిందకి జరిపేసి "ఐ ఎగ్రీ" అని నొక్కడానికా? అదీ వేలిముద్రే కదా, కాకపోతే మౌసుతో.

కాబట్టి పెద్దలకి నా మనవి. ఈసారి మీ ఇంటి పిల్లో పిల్లవాడో హైదరాబాదుకో, బెంగుళూరుకో ఉద్యోగానికి బయల్దేరితే "బుద్ధిగ ఉండు" అని కాక, "చదివి సంతకం పెట్టు, తెల్వకపోతే అడుగు" అని చెప్పండి. ఇక ఇవాళో రేపో చేరబోతున్న తమ్ముళ్ళకీ, చెల్లెళ్ళకీ: ఆ ఆఫరు లెటరు మెయిల్లోనే పడి ఉంటుంది. ఇప్పుడు తెరవండి. మొదటి పేజీలో ఉన్న ప్యాకేజీ అంకె అందరూ చూస్తారు. మీరు చివరి పేజీ నుంచి మొదలెట్టండి.